కూర్చోబెట్టి నేర్పుతారట!

డ్రాఫ్ట్ ముగిసింది. పిట్స్‌బర్గ్‌లో వేదిక విప్పేశారు. కమిషనర్ గారు కౌగిలించుకోవలసిన వాళ్లందరినీ కౌగిలించుకున్నారు. ఎవరికి ఎవరు దక్కారో మీకు తెలుసు, నేను ఏకరువు పెట్టక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇంకా బంతి ముట్టని కుర్రాళ్లకు మర్నాడు పొద్దున్నకల్లా పండితులు ఏ ప్లస్సులూ సీ మైనస్సులూ పంచేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. దాంతో నాకు పేచీ లేదు, ఏటా జరిగే తిరునాళ్లే కదా. నా కడుపుమంటంతా ఆ తర్వాత పెట్టే ప్రెస్‌మీట్ గురించి.

ఒకవైపు జనరల్ మేనేజర్, ఇంకోవైపు హెడ్ కోచ్, మధ్యలో కొత్త సూటులో బిగుసుకుపోయిన ఇరవై రెండేళ్ల కుర్రాడు. మేనేజర్ గొంతు సవరించుకుంటాడు. కుర్రాణ్ని తొందరపెట్టరట. ఒక ఏడాది కూర్చుని, చూసి, నేర్చుకుంటాడట. పక్కా ప్లాన్ ఉందట. కోచ్ తలాడిస్తాడు. ఊరు మారినా, జట్టు మారినా అదే డైలాగు. మా ఫ్రిస్కోలో కౌబాయ్స్ ఆఫీసుకు కూతవేటు దూరంలో ఉన్న తెలుగిళ్లలోనూ ఇప్పుడు ఇదే పాట. మొన్న ఓ పుట్టినరోజు విందులో చేతిలో బిర్యానీ ప్లేటుతో ఒకాయన నాకే పాఠం చెప్పాడు: "డెవలప్ చేస్తున్నారండీ, మనం టైమివ్వాలి." ఇస్తాం సరే. ఇంతకీ డెవలప్ చేసేదెవరు స్వామీ?

2016 నుంచి 2025 దాకా మొట్టమొదటి పిక్‌గా ఎనిమిది మంది క్వార్టర్‌బ్యాకులను తీసుకున్నారు. అందులో ఆరుగురి తొలి సీజన్ పూర్తి కాకుండానే వాళ్ల హెడ్ కోచ్ ఉద్యోగం ఊడింది. జారెడ్ గాఫ్ వచ్చిన ఏడాది డిసెంబరులో జెఫ్ ఫిషర్ పోయాడు. బేకర్ మేఫీల్డ్ వచ్చిన ఏడాది అక్టోబరులోనే హ్యూ జాక్సన్ పోయాడు. ట్రెవర్ లారెన్స్‌కు అర్బన్ మేయర్ దక్కింది పదమూడు ఆటలు. బ్రైస్ యంగ్‌కు ఫ్రాంక్ రైక్ పదకొండు. కేలబ్ విలియమ్స్ గురువుగారు మ్యాట్ ఎబర్‌ఫ్లస్‌ను థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు సాగనంపారు. 2025లో క్యామ్ వార్డ్‌కైతే బ్రయన్ కాలహన్ ఆరంటే ఆరే ఆటలు. బతికి బట్టకట్టినవాళ్లు కైలర్ మర్రే, జో బరో, ఇద్దరే. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు మనవాళ్లు. ఇక్కడ నారు పోసినవాణ్ని తొలి తడి పారకముందే గట్టు మీంచి గెంటేస్తున్నారు. ఆ వచ్చే కొత్తాయన ఏమంటాడో కూడా మీకు తెలుసు: "నా దగ్గర వేరే ప్లాన్ ఉంది."

అదే 2025లో జెయింట్స్ 25వ పిక్‌గా జాక్సన్ డార్ట్‌ను తెచ్చుకున్నారు. రసెల్ విల్సన్ ఆడతాడు, డార్ట్ పక్కనుండి నేర్చుకుంటాడన్నారు. ఆ నేర్చుకోవడం ఎన్నాళ్లు సాగింది? మూడు ఆటలు. మూడూ ఓడేసరికి విల్సన్ బెంచీ మీదికి, డార్ట్ మైదానంలోకి. నవంబరుకల్లా కోచ్ బ్రయన్ డేబోల్ ఇంటికి. అంటే పక్కా ప్లాన్‌కు ఆయుష్షు వరసగా మూడు ఓటములన్నమాట. రెండు ఓడి మూడోది గెలిచుంటే కుర్రాడు ఇంకొంత కాలం "నేర్చుకునేవాడే".

సరే, ఈ కూర్చోబెట్టే విద్య సంగతి చూద్దాం. దీనిమీద నాకు ప్రత్యేకంగా కక్ష ఉంది, దాచుకోను.

బుధవారం ప్రాక్టీసుకు వెళ్లి చూడండి. ఆదివారం ఆడబోయే క్వార్టర్‌బ్యాకుకే మొదటి జట్టుతో దాదాపు అన్ని స్నాపులూ ఇస్తారు. ఉన్న సమయం ఆయనకే చాలదు. మరి మన రూకీ ఎక్కడ? మైదానం అవతల, సొంత డిఫెన్సు ఎదురుగా. సహాయ కోచ్ ఒకాయన చేతిలో అట్టల కట్ట. అట్ట మీద గుండ్రాలు, గీతలు, బాణాలు. వచ్చే ఆదివారం ఎదురుపడబోయే జట్టు వేసే ప్లే అది. ఆయన అట్ట పైకెత్తుతాడు. రూకీ, వాడితో పాటు బెంచీ మీది మిగతా పదిమందీ మెడలు సాచి చూసి, చెదిరి లైను కట్టి, ఆ బొమ్మలో ఉన్నట్టు పరిగెడతారు. అట్ట మీద బాణం కుడివైపు ఉంటే కుడివైపే విసరాలి. ఎడమవైపు రిసీవర్ ఒంటరిగా చేతులూపుతున్నా సరే, కుడివైపే. ఎందుకంటే అక్కడ నేర్చుకుంటున్నది వాడు కాదు, ఎదురుగా ఉన్న డిఫెన్సు. వాడు బొమ్మ మాత్రమే.

స్కౌట్ టీమ్ అంటారు దీన్ని. ఈ వారం వాడు బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాకు. పై వారం బఫలో. ఆ పై వారం కాన్సస్ సిటీ. డెట్రాయిట్ వాళ్లు ఎలా ఆడతారో, గ్రీన్ బే వాళ్లు ఎలా ఆడతారో చేసి చూపిస్తూ పోతాడు. సీజన్ మొత్తంలో వాడు ఆడని ఆట ఏదైనా ఉందంటే అది వాడి సొంత జట్టు ఆటే.

క్వార్టర్‌బ్యాకు పనేమిటి? లైను దగ్గర నిలబడి ఎదుటి డిఫెన్సును చదవడం, బంతి చేతికి రాకముందే అవసరమైతే ప్లే మార్చడం, వచ్చాక ఒకటో మనిషి, రెండో మనిషి, మూడో మనిషి అని వరసగా చూసి, మీద పడేలోపు వదిలెయ్యడం. అట్ట చూసి ఆడేవాడికి ఈ మూడింటిలో ఒక్కదానితోనూ పని పడదు. పైగా వాణ్ని ఎవరూ ముట్టుకోరు, ఒంటి మీద ఎర్ర జెర్సీ. రాత్రి హోటలు గదిలో ఐప్యాడ్ ముందేసుకుని చదివేది సొంత జట్టు ప్లేబుక్కు, పగలు ఒళ్లు అలవాటు పడేది పక్క జట్టు ప్లేలకు. దీన్ని ఏడాది పాటు చేయించి, దానికి పెట్టిన పేరు రెడ్‌షర్ట్ ఇయర్!

ఇక ఆదివారం. నెత్తిన టోపీ, చెవికి హెడ్‌సెట్, చేతిలో ట్యాబ్లెట్. మూడో క్వార్టర్‌లో ఆట చప్పబడగానే కెమెరా వాడి మీదికి పోతుంది. వాడు ట్యాబ్లెట్ చూసి తల పంకిస్తాడు. వ్యాఖ్యాత పరవశించిపోతాడు: ఎంత శ్రద్ధ, ఎంత వినయం! ఆ ట్యాబ్లెట్‌లో ఉన్నవి రెండు నిమిషాల కిందట అయిపోయిన ప్లే బొమ్మలు. వేరొకడు విసిరిన బంతి ఫొటోలు చూసి విసరడం వచ్చేదైతే, ఇరవయ్యేళ్లుగా సోఫాలోంచి లేవకుండా చూస్తున్న నాకు ఈపాటికి ఓ సూపర్ బౌల్ ఉంగరం రావాలి.

నమ్మకం కుదరకపోతే షెడూర్ శాండర్స్‌ను చూడండి. 2025లో బ్రౌన్స్ అయిదో రౌండులో, 144వ పిక్‌గా తీసుకున్నారు. అదే డ్రాఫ్టులో మూడో రౌండులో ఇంకో క్వార్టర్‌బ్యాకును, డిల్లన్ గాబ్రియెల్‌ను, తీసుకుని ఉన్నారు (ఒకే ఏడాది ఇద్దరు రూకీ క్వార్టర్‌బ్యాకులు! 1999లో లీగ్‌లోకి తిరిగి వచ్చినప్పటి నుంచి నలభై మందికి పైగా క్వార్టర్‌బ్యాకులను ఆడించిన జట్టు మరి, టోకు బేరం). నవంబరులో బాల్టిమోర్‌తో ఆట సగంలో గాబ్రియెల్‌కు తలకు దెబ్బ తగిలింది. శాండర్స్‌ను దించారు. సీజన్ మొదలయ్యాక అప్పటిదాకా ప్రాక్టీసులో మొదటి జట్టుతో ఒక్క స్నాప్ కూడా అందని కుర్రాడు. పదహారు విసిరితే నాలుగు చేరాయి, 47 గజాలు. చూశారా, వీడింకా తయారు కాలేదని అందరూ తేల్చేశారు. పై వారం వేరే దారి లేక వాడితోనే వారమంతా మొదటి జట్టుతో ప్రాక్టీసు చేయించారు. లాస్ వేగాస్ వెళ్లి 209 గజాలు విసిరి గెలిచి వచ్చాడు. రైడర్స్ బలహీనమైన జట్టే, కాదనను. వాడేదో మహానుభావుడైపోయాడనీ అనను. కానీ నెలల తరబడి కూర్చుంటే రాని ఫలితం అయిదు రోజులు నిలబడి ఆడితే వచ్చిందా లేదా?

అనగానే గ్రీన్ బే పేరు తీస్తారు. ఆరన్ రాడ్జర్స్ మూడేళ్లు కూర్చున్నాడు, జోర్డన్ లవ్ మూడేళ్లు కూర్చున్నాడు, చూడండి ఎలా తయారయ్యారో అంటారు. రాడ్జర్స్ ఎందుకు కూర్చున్నాడు? ముందు బ్రెట్ ఫార్వ్ ఉన్నాడు, లేవనన్నాడు. లవ్ ఎందుకు కూర్చున్నాడు? అతను చేరిన 2020లోనూ ఆ మరుసటి ఏడాదీ రాడ్జర్స్ లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడయ్యాడు. అలాంటివాణ్ని పక్కన పెడితే ఊరు తగలబెట్టరూ? అది శిక్షణ కాదు, క్యూ. అదే గ్రీన్ బే, అదే బెంచీ, 2008 రెండో రౌండులో బ్రయన్ బ్రోమ్‌ను కూడా కూర్చోబెట్టారు. మరుసటి ఏడాదికి ప్రాక్టీస్ స్క్వాడ్‌కు దించారు. ప్యాకర్స్‌కు సీజన్‌లో ఒక్క ఆటా ఆడలేదు. బెంచీకే అంత మహిమ ఉంటే బ్రోమ్‌ను ఎందుకు కరుణించలేదో? న్యూయార్క్ జెట్స్ 2016 రెండో రౌండులో తెచ్చిన క్రిస్టియన్ హ్యాకెన్‌బర్గ్ ఇంకా గొప్ప శిష్యుడు. ఏళ్ల తరబడి డెవలప్ చేశారు. రెగ్యులర్ సీజన్‌లో ఆయన ఆడిన స్నాపులు: సున్నా. ఏ జట్టుకూ.

మరి కాన్సస్ సిటీ మహోమ్స్ సంగతి? 2017లో ఒక్క ఆట ఆడాడు, మిగతాదంతా ఆలెక్స్ స్మిత్ వెనకాల. నిజమే. ఆ ఏడాది హెడ్ కోచ్ ఆండీ రీడ్. మరుసటి ఏడాదీ ఆండీ రీడే. ఈ రోజుకీ ఆండీ రీడే. లవ్ చేరిన రోజున మ్యాట్ లాఫ్లూర్, మూడేళ్లకు ఆడిన రోజునా లాఫ్లూరే. ఇది మాత్రం ఎవరూ కాపీ కొట్టరు. బెంచీ చవక. కోచ్‌ను నాలుగేళ్లు భరించడం యజమానికి ఖరీదు.

మ్యాక్ జోన్స్ తొలి ఏడాదే న్యూ ఇంగ్లండ్‌ను ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లాడు. రెండో ఏడాది ఆ కుర్రాడి చదువు ఎవరికి అప్పగించారో గుర్తుందా? ప్లేలు చెప్పడానికి ఏళ్లుగా డిఫెన్సు నడిపిన మ్యాట్ పట్రీషియా. క్వార్టర్‌బ్యాకు కోచ్‌గా స్పెషల్ టీమ్స్ చూసుకుని పైకొచ్చిన జో జడ్జ్. ఇది దేశంలోకెల్లా తెలివైన కోచ్ అని పేరుపడ్డాయన చేసిన ఏర్పాటు. జోన్స్ అక్కడ మళ్లీ తేరుకోలేదు, 2024 మార్చిలో వదిలించుకున్నారు. నేర్పడం రాకపోయినా కొలవడం మాత్రం బాగా వచ్చు. రిసీవర్ జాన్ రాస్ నలభై గజాలు 4.22 సెకన్లలో ఉరికాడని తొమ్మిదో పిక్ పెట్టారు. తొలి ఏడాది పట్టిన బంతులు సున్నా. కెన్నీ పికెట్ అరచేయి ఎనిమిదిన్నర అంగుళాలేనని దేశమంతా కొలతలు వేసింది. దాన్నొక్కదాన్నీ డెవలప్ చేస్తామని మాత్రం ఎవరూ అనలేదు.

కేలబ్ విలియమ్స్‌ను తొలి ఏడాదిలో 68 సార్లు పడగొట్టారు. కొండల్లాంటి మనుషులు పరుగెత్తుకొచ్చి ఇరవై రెండేళ్ల కుర్రాడి మీద పడటం, ఒక్క సీజన్‌లో అరవై ఎనిమిది సార్లు. 2002లో హ్యూస్టన్ డేవిడ్ కార్‌ను 76 సార్లు పడగొట్టించింది. ఇప్పటికీ అదే రికార్డు. ముందు నిలబడి కాపాడే లైనుకు మనుషుల్ని కొనకుండా వెనక రాజకుమారుణ్ని కొన్నారు. అయిదు సీజన్లయ్యాక చేతులు దులుపుకుని కార్‌ను వదిలేశారు, కుర్రాడికి ధైర్యం పోయిందన్నారు. పోదా మరి? మీరు తీసేశారు. ఇది నిర్లక్ష్యం కూడా కాదు. ఒకడి ఒళ్లు హూనం చేసి, తప్పు వాడి గుండెదే అనడం.

ఏటా 2,000 కోట్ల డాలర్లకు పైగా రాబడి ఉన్న లీగ్ ఇది. కుర్రాళ్లకు నిజంగా నేర్పాలనుంటే దారి తెలియక కాదు. బేస్‌బాల్‌కు మైనర్ లీగులున్నాయి, బాస్కెట్‌బాల్‌కు జీ లీగ్ ఉంది, హాకీకి ఏహెచ్‌ఎల్ ఉంది. ఫుట్‌బాల్‌కూ ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్ అని ఒకటుండేది. 1998లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అందులో ఆడిన కర్ట్ వార్నర్ రెండేళ్లు తిరక్కుండా సూపర్ బౌల్ గెలిచాడు. నష్టం వస్తోందని 2007లో దాన్ని మూసేశారు. నేర్పే పనంతా యూనివర్సిటీల నెత్తిన పెట్టి, పైసా ఖర్చు లేకుండా వండిన అన్నం తెచ్చుకుని, వడ్డించడం కూడా రాక ఒలకబోస్తున్నారు.

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2011 ఒప్పందంతో రోజుకు రెండు పూటల ప్యాడ్ ప్రాక్టీసులు పోయాయి, సీజన్ మొత్తానికి ప్యాడ్లతో ప్రాక్టీసులు పద్నాలుగుకు దిగాయి. దెబ్బలు తగ్గుతాయి, సంతోషమే. కానీ ఆ పోయిన సమయం బదులు కుర్రాళ్లకు ఏమిచ్చారు? జీతాల కోత. 2010 మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం. మరుసటి ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2 కోట్ల 20 లక్షలు. మూడు సీజన్లయ్యేదాకా జీతం పెంచమని నోరెత్తే వీలు లేదు, ఎంత బాగా ఆడినా. అప్పటికల్లా, ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం, సగటు ఆటగాడి కెరీర్ అయిపోయే వేళవుతుంది. కుర్రాణ్ని ఆడించినా చవకే, కూర్చోబెట్టినా చవకే, పారేసినా చవకే.

పారేసే పద్ధతి కూడా చూడాలి. వేసవి క్యాంపులో తొంభై మంది. ఆగస్టు చివరికి యాభై ముగ్గురు. ఓ రోజు పొద్దున్నే జట్టు ఉద్యోగి ఒకడు వెతుక్కుంటూ వచ్చి, కోచ్ గారు పిలుస్తున్నారు, ఐప్యాడ్ కూడా తీసుకురా అంటాడు. ఆ ఐప్యాడ్ మాట వినబడగానే కుర్రాడికి కథ తెలిసిపోతుంది. ప్లేబుక్కు వెనక్కి ఇచ్చెయ్యాలి. ఆరో రౌండువాడు, ఏడో రౌండువాడు ఏప్రిల్లో కౌగిలికీ కెమెరాకూ నోచుకోలేదు, ఆగస్టులో వీడ్కోలుకూ నోచుకోడు. వాళ్లకు ఎవరూ ప్లాన్ ప్రకటించలేదు కాబట్టి ఎవరూ మాట తప్పినట్టు కాదు.

అప్పుడప్పుడూ ఏ కుర్రాడైనా తనంతట తాను వికసిస్తే ఘనతంతా సంస్థదే. మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటన లాగే: వచ్చిన పది ఫొటోలు మొదటి పేజీలో, రాని పదివేల మంది ఏ సెక్షన్లో ఉన్నారో ఆరా లేదు. శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు బ్రాక్ పర్డీని చూపించి ఛాతీ విరుచుకుంటారు. 2022లో 262వ పిక్, ఆ డ్రాఫ్టులో చిట్టచివరి మనిషి. వాడిలో అంత సరుకుందని తెలిస్తే అంతదాకా ఎవరూ ఆగరు. అదే ఏడాది ట్రే లాన్స్‌కు చీలమండ విరిగి, జిమ్మీ గరాపొలోకు పాదం విరిగితే పర్డీకి బంతి అందింది. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం. పర్డీ సూపర్ బౌల్ దాకా లాక్కెళ్లిన 2023 సీజన్‌లో వాడి జీతం 8 లక్షల 70 వేల డాలర్లు.

ఇక అదే భవనంలో, అదే కోచ్ చేతికింద ఉన్న లాన్స్? అతని కోసం మూడు మొదటి రౌండు పిక్కులు, పైన ఒక మూడో రౌండు పిక్ ధారపోశారు. ఎన్ని ఆటలు మొదలుపెట్టనిచ్చారు? నాలుగు. 2023 ఆగస్టులో ఒక్క నాలుగో రౌండు పిక్‌కు మా కౌబాయ్స్‌కు అమ్మేశారు. మా వాళ్లేం చేశారంటారా? కూర్చోబెట్టారు.

2021లో మొదటి పదిహేను పిక్కుల్లో అయిదుగురు క్వార్టర్‌బ్యాకులు పోయారు. 2024 సీజన్ నాటికి తీసుకున్న జట్టులోనే మిగిలినవాడు లారెన్స్ ఒక్కడు. మరోపక్క బ్రౌన్స్ వదిలించుకున్న మేఫీల్డ్ నాలుగో జట్టయిన టాంపా బేకు వెళ్లి ప్లేఆఫ్స్ ఆట గెలిచాడు. జెట్స్ వదిలించుకున్న శామ్ డార్నల్డ్ నాలుగో జట్టయిన మినెసోటాతో 2024లో పద్నాలుగు ఆటలు గెలిచాడు. ఇద్దర్నీ డెవలప్ చేస్తామని ప్రెస్‌మీట్ పెట్టినవాళ్లు ఎవరు, నిజంగా చేసినవాళ్లు ఎవరు?

కాబట్టి నాదొక మనవి. ఈసారి మీ ఊరి మేనేజర్ మైకు ముందుకొచ్చి పక్కా ప్లాన్ అన్నప్పుడు, మీ రేడియో వాళ్లకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగించండి. ఆ కుర్రాడికి వారానికి మొదటి జట్టుతో ఎన్ని స్నాపులు ఇస్తారు? ఈ కోచ్ ఒప్పందంలో ఇంకా ఎన్నేళ్లు మిగిలున్నాయి? రెండు అంకెలూ చెబితే సంతోషం. చెప్పకపోతే, మీ పిల్లాడు ఎంత మారాం చేసినా సరే, ఆ రూకీ పేరున్న జెర్సీ మాత్రం ఈ ఏడాది కొనకండి.